సంచి మీద సేంద్రియం, మట్టిలో కాడ్మియం

చెత్త కుళ్లి ఎరువయ్యేలోగా కుప్ప బరువు దాదాపు సగానికి పడిపోతుంది. నీరు ఆవిరవుతుంది, కర్బనంలో కొంత గాలిలో కలుస్తుంది. ఆ చెత్తలో పగిలిన బ్యాటరీయో, పాత రంగు డబ్బానో ఉంటే వాటి సీసం, కాడ్మియం మాత్రం ఎటూ పోవు. బరువు తగ్గిన కుప్పలో వాటి పాలు ఇంకా పెరుగుతుంది. ఏ సూక్ష్మజీవీ లోహాన్ని విరగ్గొట్టలేదు. సంచి మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘సేంద్రియ’ అని అచ్చేసినా అంతే.

చట్టం లేదా అంటే ఉంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద సిటీ కంపోస్టులో కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మించకూడదు. ఐరోపా 2019 నిబంధనల్లో సేంద్రియ ఎరువుకు కాడ్మియం హద్దు 1.5 మాత్రమే (సీసం విషయంలో మనమే కాస్త కఠినం). అసలు చిక్కు అంకెలో లేదు, మన హద్దు సంచికే తప్ప పొలానికి లేకపోవడంలో ఉంది. సరిగ్గా హద్దు మీదున్న ఎరువును, పొడి బరువు లెక్కన, ఎకరాకు ఏటా 10 టన్నులు తోలారనుకుందాం. 50 గ్రాముల కాడ్మియం నేలకు చేరుతుంది. పై 15 సెంటీమీటర్ల మట్టి ఎకరాకు సుమారు 900 టన్నులు. అంటే పదేళ్లలో కిలో మట్టికి అర మిల్లీగ్రాము పైచిలుకు, అదీ చట్టాన్ని ఎక్కడా మీరకుండానే. మురుగు బురద వాడకంపై ఐరోపా 1986లోనే బురదలోని లోహంతో పాటు నేలలో ఉన్నదాన్నీ, ఏటా పడేదాన్నీ కొలవమంది. మన సాయిల్ హెల్త్ కార్డు 12 అంశాలు చూపిస్తుంది. పోషకాలు కాబట్టి జింకు, రాగి అందులో ఉన్నాయి. కాడ్మియం, సీసం లేవు.

కరువు సీమ ఊరు బత్తలపల్లె లాంటి చోట ఈ లోపం మరింత బరువైనది. ఇక్కడి ఎర్ర ఇసుక నేలల్లో బంకమట్టి తక్కువ, సేంద్రియ కర్బనం ఇంకా తక్కువ. లోహాన్ని గట్టిగా పట్టి ఉంచేవి ముఖ్యంగా ఆ రెండే. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే అందులోని క్లోరైడు కాడ్మియాన్ని కరిగించి వేళ్లకు అందిస్తుంది. ఒకప్పుడు పొలంలో గొర్రెల మంద కట్టించేవారు, దొడ్లో పెంటదిబ్బ ఉండేది. కరువొస్తే మేత లేక పశువులు సంతకు పోతాయి, దిబ్బ చిన్నదవుతుంది. ఆ ఖాళీలోకి కోళ్ల ఎరువో, పట్నం కంపోస్టో రావడం సహజం. ఇక్కడి కూరల్లో విషం ఉందని అనడం లేదు, రాబోయే ట్రాక్టరు లోడు ఎక్కడిదో అడగమంటున్నాను. హైదరాబాదు దిగువన మూసీ నీటితో పండిన ఆకుకూరల్లో భారలోహాలను పరిశోధకులు పలుమార్లు గుర్తించారు. అక్కడ లోహం కాలువలో వచ్చింది, ఇక్కడ సంచిలో రావచ్చు. పాలకూరకు ఆ తేడా తెలియదు. కడిగితే ఆకు మీది దుమ్ము పోతుంది గానీ వేరు పీల్చుకున్నది పోదు.

అలాగైతే యూరియా, డీఏపీలే మేలా? కాదు. డీఏపీకి ముడిసరుకైన ఫాస్ఫేటు రాతిలోనూ కాడ్మియం ఉంటుంది. పైగా సేంద్రియ పదార్థం లోహాన్ని తనకు కట్టేసుకుంటుందన్న వాదనలో నిజం ఉంది, ఈ నేలకు అది నిజంగానే కావాలి. కానీ ఈ ఎండలకు ఆ పదార్థం త్వరగా కరిగిపోతుంది, లోహం మిగులుతుంది. ఎరువు మానడం కాదు, మూలాన్ని బట్టి వాడటం దారి. కూరగాయల మార్కెట్టు వ్యర్థాలను విడిగా పోగుచేసి కుళ్లబెడితే వచ్చే ఎరువు వేరు, ఊరి చెత్తంతా కలిపి జల్లించింది వేరు. ఊరూపేరూ తెలియని కంపోస్టును చామంతి మడికో మామిడి పాదుకో పోయవచ్చు. టమాటా కాయలోకి చేరే లోహం ఆకుకూరతో పోలిస్తే తక్కువ. పాలకూర, తోటకూర మళ్లకు మాత్రం పెంట ఎరువే ఉంచుకోవాలి. పరీక్ష ఖర్చు రైతు మీద పడకూడదు. 2016లో కేంద్రం సిటీ కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అలాంటి సాయం అందుకునే తయారీదారు ప్రతి లాటుకూ లోహాల ఫలితాన్ని తేదీతో సహా సంచి మీదే తెలుగులో అచ్చు వేయాలి.