కొలది సొమ్ముతో దూరప్రయాణము

వీపున నొక సంచి వైచుకొని, రైలులో సామాన్య తరగతి టిక్కెట్టు కొని, లడఖ్, స్పితి, నేపాళము, ఇంకను దూరమున నున్న మధ్యాసియా దేశములు చూచివచ్చు యువకులు నానాటికి పెరుగుచున్నారు. మన పాఠశాలలో చదివి వెళ్లిన పిల్లలకును ఈ కోరిక పుట్టినది. గనులలోను కర్మాగారములోను కష్టించి సంపాదించు తలిదండ్రులు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. అంత సొమ్ము ఎక్కడిది? మన భాష తెలియనిచోట బిడ్డ గతి యేమి? ఈ రెండును న్యాయమైన ప్రశ్నలే. వీనికి సమాధానము పదునాలుగు వందల యేండ్లనాటి యొక యాత్రికుని చరిత్రలో దొరకును.

చీనా భిక్షువు హ్యూన్‌త్సాంగ్ సుమారు 629వ సంవత్సరమున రాజాజ్ఞను మీరి రహస్యముగా స్వదేశము వీడెను. ఎడారి ముఖమున నొక వృద్ధుడు ఆయనకొక సలహా చెప్పెను. నీ పడుచు గుఱ్ఱము పనికిరాదు, నా బక్కగుఱ్ఱము ఈ త్రోవను పదునైదు మారులు నడచినది, దీనిని తీసికొమ్మనెను. భిక్షువు మార్చుకొనెను. పిమ్మట ఎడారిలో నీటితిత్తి చేజారి నీరంతయు నేలపాలు కాగా, నాలుగు రాత్రులు అయిదు పగళ్లు గొంతు తడియలేదు. అప్పుడు ఆ ముసలి గుఱ్ఱమే తనంతట తాను దారి మళ్లి పచ్చిక, నీరు గలచోటికి కొనిపోయెను. క్రొత్త సరంజామా కొనుటకు వేలు వెచ్చించెదమను పిల్లలకు మేము ఈ కథ తరచుగా చెప్పుచుందుము.

ఆయన వట్టి చేతులతో పోయెనని చెప్పుట సరికాదు. తుర్ఫాను రాజు బంగారము, పట్టుబట్టలు, గుఱ్ఱములు, పరివారముతోపాటు దారిలోని ఇరువదినాలుగు రాజ్యములకు లేఖలు ఇచ్చెను. ఆ సంపద తుదివరకు నిలువలేదు. మంచు కరగుటకై కూచా నగరమున రెండు నెలలకు పైగా ఆగియు, పర్వతములు దాటునప్పుడు తోడివారిలో పదింట మూడు నాలుగు వంతులు చలికి, ఆకలికి మరణించిరి. పంజాబు ప్రాంతపు టడవిలో దొంగలు కట్టుబట్టలతో సహా దోచిరి. అందరు ఏడ్చుచుండగా ఆయన మాత్రము నవ్వుచు, ప్రాణము మిగిలినది గదా యనెను. తరువాతి యూరివారు సుమారు 300 మంది తలకొక నూలుబట్ట తెచ్చి యిచ్చిరి. పదియారేండ్ల యాత్ర ఇట్టి ఆదరణ వలననే సాగినది. విహారములలో బస, భిక్షాన్నము, వర్తకుల బిడారులతో నడక, ఇవియే ఆయన పొదుపు.

ఈ కథ మన యూరికి సంబంధించినదని చాలమంది యెరుగరు. సుమారు 639లో కళింగము నుండి అడవులు, కొండలు దాటి ఆయన కోసల రాజ్యమునకు వచ్చెను. ఇది అయోధ్య గల కోసలము గాదు, దక్షిణ కోసలము. దాని రాజధాని భాందక్ అని, అనగా మన భద్రావతియే యని, కొందరు పరిశోధకులు తలంచిరి. మఱికొందరు వైరాగఢ్ అనియు, ఇంకొందరు ఛత్తీస్‌గఢ్‌లోని సిర్పూరు అనియు వాదించిరి. తగవు తెగలేదు. అయినను కొండను తొలిచిన విజాసన్ గుహలు మన కన్నులయెదుట నున్నవి. ఆ పొడవైన నడవ చివర బుద్ధమూర్తిని చూచినవారికి, దారి నడచు భిక్షువులకు ఈ చోట ఆశ్రయ ముండెనని వేరుగా చెప్ప నక్కరలేదు.

కోసలము నుండి దక్షిణముగా మహారణ్యము గుండ సుమారు 900 లీలు నడచి ఆయన ఆంధ్రదేశము చేరెను. లీ యనగా అర కిలోమీటరునకు కొంచెము తక్కువ. అచటి రాజధానిని పలువురు వేంగిగా, అనగా నేటి పెదవేగిగా గుర్తించిరి. అక్కడి ప్రజల మాట మధ్యదేశపు మాటకన్న వేరు గాని అక్షరముల రూపము చాలవరకు ఒక్కటే యని ఆయన వ్రాసెను. ప్రజలు ఆవేశపరులనియు వ్రాసెను. దానికి మనము నొచ్చుకొన బనిలేదు! తరువాత ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి, ఇద్దరు భిక్షువులయొద్ద శాస్త్రము నేర్చి, తానును వారికి బోధించెను. భాష తెలియనిచోట ఆయన చేసినపని ఇదియే. కూర్చుండి నేర్చుకొనుట.

మన పిల్లలకు ఈ విషయమున కొంత మేలున్నది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, రైలులో హిందీ మాటలాడువానికి నాలుగవ భాష భయము కలిగింపదు. ఆ భిక్షువు నడచిన సమర్‌ఖండ్ నగరమున నేటికిని బజారును బొజోర్ అనియు, దుకాణమును దుకోన్ అనియు, దర్వాజాను దర్వోజా అనియు అందురు.

ఖర్చు సంగతి. విహారముల స్థానమున నేడు ధర్మశాలలు, గురుద్వారములు, యూత్ హాస్టళ్లు, పల్లెయిండ్లలో బస కలవు. నేపాళమునకు భారతీయులకు వీసా అక్కరలేదు, ఓటరు కార్డుగాని పాస్‌పోర్టుగాని చాలును. అరుణాచలము, నాగాలాండు, మిజోరములకు ముందుగా ఇన్నర్ లైన్ అనుమతి పొందవలయును. పొదుపు చేయరానిది ఒక్కటి కలదు. అది కాలము. లేహ్ సుమారు 3,500 మీటర్ల యెత్తున నున్నది. అచటికి విమానమున దిగిన దినముననే కొండ యెక్కువానికి తలనొప్పి, వాంతులు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కలుగవచ్చును. కనీసము రెండు దినములు విశ్రమింపవలయును. సెలవు తక్కువగా నున్నచో అట్టి యాత్ర మానుటయే మేలు. కూచాలో రెండు నెలలు ఆగినవాడు వెఱ్ఱివాడు గాడు.

కుమారుని పంపి కుమార్తెను ఆపు తలిదండ్రులతో మేము ఏకీభవింపము. ఇద్దరికిని ఒకే నియమము ఉండవలయును: ఒంటరిగా గాక ముగ్గురు నలుగురు కలిసి పోవలయును, ప్రతిరాత్రి బస చేసినచోటు ఇంటికి తెలుపవలయును, తిరుగు టిక్కెట్టు సొమ్ము వేరుగా కట్టి ఉంచుకొనవలయును.

మొదటి యాత్రకు హిమాలయములే అక్కరలేదు. ఒక ఆదివారము విజాసన్ గుహలను కాలినడకన చూచి, వేసవి సెలవులలో బల్లార్షా, కాజీపేట మీదుగా రైలున విజయవాడ చేరి, అచటినుండి బస్సున అమరావతి స్తూపమును, ఏలూరు సమీపమునగల పెదవేగిని చూచి రావచ్చును. భిక్షువు అడవిలో దినములకొలది నడచిన త్రోవను పిల్లలు ఒక్క రాత్రిలో దాటుదురు. పులిహోర, నీటిసీసా, దుప్పటి చాలును.