బొమ్మ కనిపిస్తుంది, రికార్డు ఉండదు

2013 నవంబరు 19న బెంగళూరులోని ఒక ఏటీఎంలోకి చొరబడిన దుండగుడు షట్టరు దించేసి, డబ్బు తీసుకోవడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగినిని కత్తితో నరికి పారిపోయాడు. లోపలి సీసీ కెమెరా తీసిన దృశ్యాలు దేశమంతటా టీవీల్లో తిరిగాయి. ఆమె సెల్‌ఫోన్ హిందూపురంలో అమ్ముడైందని తేలడంతో గాలింపు అనంతపురం జిల్లాకు మళ్లింది. నిందితుడు దొరికింది మాత్రం 2017 ఫిబ్రవరిలో, మదనపల్లెలో. అతని ముఖం లోకానికి తెలిసింది ఆ రికార్డింగు వల్లే.

ఆ రోజు ఆ ఏటీఎంలో రికార్డరు పనిచేసింది. అనంతపురం అంగళ్లలో గల్లాపెట్టె పక్కన ఉండే ఇలాంటి రికార్డర్లు, అంటే డీవీఆర్‌లు అన్నీ అలాగే పనిచేస్తున్నాయా అంటే, ఓనర్లే గట్టిగా చెప్పలేరు. టీవీలో నాలుగు గడుల్లో బొమ్మ కదులుతుంటే అంతా బాగుందనుకుంటారు. కానీ కెమెరా నుంచి వచ్చే బొమ్మ తెరకు చేరడానికి హార్డ్ డిస్కుతో పనే లేదు. డిస్కు పోయి ఆరు నెలలైనా తెర మీద బొమ్మ నిక్షేపంగా వస్తూనే ఉంటుంది. దొంగతనం జరిగిన మర్నాడు పోలీసులు ఫుటేజీ అడిగినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

అందుకే చూడాల్సింది ఇవాళ్టి బొమ్మ కాదు, నిన్నటిది. ప్లేబ్యాక్‌లోకి వెళ్లి నిన్న రాత్రి రెండు గంటలప్పుడు అంగడి ముందు ఏం జరిగిందో వస్తుందేమో చూస్తే చాలు, సగం పరీక్ష అయిపోయినట్టే. ఏమీ రాకపోతే రికార్డింగు వేళలు మారిపోయాయేమో, మెనూలో హార్డ్ డిస్కు ఎదురుగా 'నార్మల్' అని ఉందా, 'ఎర్రర్' అని ఉందా చూడాలి. పాత ఫుటేజీ దొరకని ప్రతిసారీ తప్పు యంత్రానిది కాదు. కెమెరా ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు పన్నెండు రోజులు కూడా రాదు. నిండగానే పాతది చెరిపి దాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. జనం ఎక్కువగా వచ్చే వ్యాపార సంస్థలు 30 రోజుల ఫుటేజీ ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజాభద్రత చట్టం చెబుతోంది. ఆ లెక్కన నాలుగు కెమెరాలకే 2.6 టీబీ కావాలి.

మాటిమాటికీ ఆగిపోయి మళ్లీ మొదలయ్యే డీవీఆర్‌ను చూడగానే 'బోర్డు పోయింది, కొత్తది కొనండి' అనే మెకానిక్కులు ఉన్నారు. తొందరపడి డబ్బు తీయక్కర్లేదు. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది అడాప్టరును. దానిపై 12 వోల్టులని రాసి ఉంటుంది, మీటరు పెడితే 12 చూపిస్తుంది కూడా. డిస్కు తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని క్షణాల్లో కరెంటు ఎక్కువ లాగుతుంది. ముసలిదైన అడాప్టరు అక్కడే చతికిలపడుతుంది, డీవీఆర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. మూత తీసి డిస్కుకు వెళ్లే కరెంటు వైరు పీకి ఆన్ చేయాలి. అప్పుడు నిలకడగా నడిస్తే బోర్డు మంచిదే, తేడా అడాప్టరులోనో డిస్కులోనో ఉన్నట్టు. మంచి అడాప్టరు ఒకటి తెచ్చి పెట్టి చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది.

పగలు బాగుండి రాత్రి కెమెరాలు మాత్రమే ఆరిపోతుంటే డీవీఆర్‌ను తిట్టి లాభం లేదు. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు వాడకం పెరుగుతుంది. కెమెరాలకు విడిగా ఉన్న పవర్ సప్లయి ఆ బరువు మోయలేకపోవడమే కారణం కావచ్చు.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నేళ్లో వెనక్కి వెళ్లిపోతుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. చాలావాటిలో సీఆర్2032 అనే రకం ఉంటుంది, గడియారాల అంగట్లో దొరుకుతుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, తేదీ తప్పిన ఫుటేజీని కోర్టులో నమ్మించడం కష్టం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షను ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి.

ఇక డిస్కు. లోపల టక్ టక్ మని చప్పుడు వస్తుంటే దాని రోజులు దగ్గరపడ్డట్టే. అప్పుడు తెర మీద 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతుంది, చాలామంది ఆలోచించకుండా సరే అని నొక్కేస్తారు. ఏదైనా ఘటన జరిగిన తర్వాతైతే ఆ నొక్కుడుతో సాక్ష్యం గల్లంతైనట్టే. ముందు రికార్డింగు ఆపి, కావలసిన గంటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ తర్వాతే మరమ్మతు సంగతి.

అనంతపురంలో ఈ పెట్టెలకు మొదటి ఇద్దరు శత్రువులు: వేడి, దుమ్ము. ఎండాకాలంలో బయటే 40 డిగ్రీలు దాటే ఊళ్లో, దొంగ ఎత్తుకుపోతాడని డీవీఆర్‌ను చెక్క అలమారలో పెట్టి తాళం వేస్తారు. కొందరైతే రేకుల కప్పు కింద అటక మీద పెడతారు. గాలి ఆడని చోట డిస్కు వేడి 60 డిగ్రీలకు ఎగబాకడం పెద్ద విషయం కాదు. మూత విప్పితే ఫ్యాను రెక్కల మీద ఎర్రమట్టి దుమ్ము మందంగా అట్టకట్టి ఉంటుంది, బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటాయి. ఉబ్బినవి ఒకటి రెండైతే మార్చుకోవచ్చు. బోర్డు నల్లబడితే మాత్రం కొత్తది కొనడమే మేలు.

మూడో శత్రువు పిడుగు. మిద్దె మీదుగా లాగిన కెమెరా వైర్లు దగ్గర్లో పడిన పిడుగు తాకిడిని నేరుగా బోర్డుకు తెచ్చిస్తాయి. సర్జ్ ప్రొటెక్టర్ కొని పెట్టినా ఎర్తు సరిగా లేకపోతే దండగే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అయిన నేలలో ఎర్తు గుంత ఎండిపోతుంది, ఎండిన మట్టి కరెంటును లోపలికి పోనివ్వదు. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వేసవిలో అప్పుడప్పుడు నాలుగు బిందెల నీళ్లు పోయాలి. ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధుల్లో ఈ సలహా ఎవరికీ నచ్చదు, అయినా తప్పదు.

కొత్త డీవీఆర్ కొనేటప్పుడు కెమెరాలన్నీ మార్చాలని అంగడివాడు అంటే వెంటనే ఒప్పుకోకూడదు. గుండ్రటి కోయాక్సియల్ వైరుతో వచ్చే పాత కెమెరాల్లో టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ అని రకాలున్నాయి. ఇప్పటి డీవీఆర్‌లు చాలావరకు వీటన్నింటినీ తీసుకుంటాయి. కెమెరా 5 మెగాపిక్సెల్ అయితే డీవీఆర్ కూడా దాన్ని అందుకోగలగాలి, లేదంటే తెర మీద ఆ గడి ఖాళీగానే ఉంటుంది. డిస్కు దగ్గర పిసినారితనం వద్దు. కంప్యూటర్ల కోసం చేసిన మామూలు డిస్కు రాత్రీపగలూ ఆగకుండా రాయడానికి తయారైంది కాదు. నిఘా కెమెరాల కోసమే సీగేట్ 'స్కైహాక్', వెస్టర్న్ డిజిటల్ 'పర్పుల్' అని విడిగా అమ్ముతున్నాయి.

బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చాలి. కంపెనీ పెట్టిన పాస్‌వర్డులతోనే ఉన్న లక్షలాది డీవీఆర్‌లు, కెమెరాల్లోకి 2016లో 'మిరాయ్' అనే వైరస్ దూరింది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటినే ఆయుధాలుగా చేసుకుని డైన్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద దాడి చేస్తే అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి.

పాత డిస్కును ఆ రోజే పాత సామాన్లవాడికి వేయకూడదు. ఒక కంపెనీ డీవీఆర్ రాసిన డిస్కును వేరే కంపెనీది చదవకపోవచ్చు, పైగా పెట్టగానే ఫార్మాట్ అడుగుతుంది. కొత్తదాంట్లో నెల రోజుల ఫుటేజీ చేరేదాకా పాత డీవీఆర్‌నూ డిస్కునూ కలిపే ఉంచి, ఏ తేదీ వరకు రికార్డు ఉందో పైన కాగితం అంటిస్తే, పోలీసులు వెనకటి రోజు అడిగినా వెతుక్కునే పని ఉండదు.