కారులో నొకవైపు వేడి, యొకవైపు చలి

అమెరికా, కెనడా దేశముల యుత్తరభాగములందు కాపురముండు మన సోదరీమణులకు శీతకాలమున కారులోని హీటరు పొయ్యివలె నత్యవసరము. నడుపువారి వైపు వెచ్చని గాలియు, బిడ్డ కూర్చున్న వైపు చల్లని గాలియు వచ్చుచున్నచో నుపేక్షింపరాదు.

పెట్రోలు కారులో నీ వేడిమికి వేరుగ నిప్పు లేదు. ఇంజనును చల్లార్చుటకై తిరుగు ద్రవమే కాగి, డ్యాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరులోనికి వచ్చును. ఫ్యాను దాని మీదుగా గాలిని పంపును. ద్రవము తగ్గి గాలి చేరినచో వేడి యంతటికి నందదు. కావున ఇంజను పూర్తిగా చల్లారిన పిదప మట్టము చూడవలయును. కాగియున్నపుడు మూత తీసినచో ద్రవము చిమ్మి యొడలు కాల్చును.

మట్టము సరిగా నున్నచో, ఇంజను కాగించి యాపి, హీటరునకు బోవు రెండు రబ్బరు గొట్టములకు దగ్గరగా చేయి పెట్టి చూడుడు. ఒకటి వేడిగను రెండవది చల్లగను ఉన్నచో లోపల మడ్డి పేరుకొని యుండును. రెండును వేడిగా నున్నచో దోషము గాలులను కలుపు తలుపునందు వెదకవలయును. రెండు వైపులకు వేర్వేరు వేడిమి నమర్చు కార్లలో వైపున కొక తలుపును, దానిని త్రిప్పు చిన్న మోటారును గలవు. దాని పండ్లచక్రము విరిగినచో డ్యాష్‌బోర్డు వెనుక టకటక చప్పుడగును.

మరమ్మతువారు హీటరు రేడియేటరునే మార్చవలె నన్నచో వెంటనే యొప్పుకొనవలదని మా మనవి. దానికై పెక్కు కార్లలో డ్యాష్‌బోర్డంతయు విప్పవలయును. కూలియే తడిసి మోపెడగును. ముందుగా నీటిని ఎదురుదిక్కున పంపి కడిగింపుడు. కాళ్లక్రింది తివాసి తడిసి, తీయని వాసన వచ్చుచున్నచో మాత్రము కారుచున్నదన్న మాట; మార్చక తప్పదు. ఆ ద్రవము తీయనిదే గాని విషము. కడిగినపుడు కారినదానిని మూతగల డబ్బాలో పట్టించి, పిల్లలకును కుక్కపిల్లలకును అందకుండ నుంచుడు.