మన చదువుకు తగిన ఇ-రీడర్

పుస్తకాలు చదువుకోవడానికే తయారైన పరికరం ఇ-రీడర్. దాన్ని కొనేటప్పుడు ఏమేమి చూసుకోవాలో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

సోమేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. తాతగారు తెలుగు లిపి చదివితే, మనవరాలికి కన్నడ లిపి అలవాటు. కైవారం నారాయణ తాతయ్య రెండు భాషల్లోనూ రచనలు చేసిన నేల ఇది. అందువల్ల మన ఇంటికి వచ్చే ఇ-రీడర్ రెండు లిపులనూ సరిగా చూపుతుందా అన్నదే మొదటి ప్రశ్న. ధర సంగతి ఆ తరువాత.

ముందు దీని పనితీరు చూద్దాం. ఇ-రీడర్ తెర ఫోను తెరలాంటిది కాదు. ఇందులో కంటికి కనిపించనంత చిన్న గుళికలుంటాయి. వాటిలోని నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తుతో పైకీ కిందికీ కదిలి అక్షరాలను ఏర్పరుస్తాయి. పేజీ మారినప్పుడే తెరకు విద్యుత్తు కావాలి. అందుకే ఒకసారి ఛార్జి చేస్తే చాలా రోజులు వస్తుంది. అరుగు మీద ఎండ వెలుతురులో కూడా కాగితంలాగే కనిపిస్తుంది. చత్వారం వచ్చినవారు అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు.

ఇక లిపి సంగతి. 2016 చివరలో అమెజాన్ సంస్థ తన కిండిల్ దుకాణంలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను ప్రారంభించింది. ఆ ఐదింటిలో తెలుగూ లేదు, కన్నడమూ లేదు. కాబట్టి పేరున్న కంపెనీ వస్తువు కదా అని ధైర్యపడకూడదు. కొన్ని రీడర్లలో మనకు కావలసిన ఫాంటును మనమే వేసుకోవచ్చు. కానీ ఫాంటు ఒక్కటే చాలదు. ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చవలసింది లోపలి సాఫ్ట్‌వేర్. అది చేతకాకపోతే అక్షరాలు విడివిడిగా పడతాయి, లేదా వాటి స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.

దీనికి సులువైన పరీక్ష ఉంది. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, కృష్ణుడు వంటి మాటలున్న తెలుగు పుస్తకాన్ని, ఒక కన్నడ పుస్తకాన్ని అందులో తెరిపించి చూడండి. ఆండ్రాయిడ్ మీద పనిచేసే ఇ-ఇంక్ రీడర్లు కూడా దొరుకుతాయి. వాటిలో ఫోనులో వాడే చదువు యాప్‌లను వేసుకునే వీలుంది.

రెండో ప్రశ్న, మీ పుస్తకాలు ఏ రూపంలో ఉన్నాయి? వికీసోర్సులోని తెలుగు, కన్నడ పుస్తకాలను ఇ-పబ్ రూపంలో ఉచితంగా దించుకోవచ్చు. ఇ-పబ్‌లో అక్షరాన్ని పెంచితే వరుసలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. 6 అంగుళాల తెర చాలు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు చాలావరకు పేజీలను ఫొటో తీసిన పి.డి.ఎఫ్.లు. చిన్న తెర మీద ఆ పేజీ కుదించుకుపోతుంది. పెంచితే వరుస సగం తెర దాటిపోతుంది. అలాంటి పుస్తకాలే ఎక్కువగా చదివేవారికి 10 అంగుళాల తెర మేలు. పిల్లల రంగుల బొమ్మల పుస్తకాలకైతే మామూలు టాబ్లెట్టే నయం.

తెలుగు మాట వచ్చి లిపి రాని పిల్లలకూ ఒక దారి ఉంది. అక్షరముఖ అనే ఉచిత సాధనం తెలుగు లిపిలోని పాఠాన్ని కన్నడ లిపిలోకి మారుస్తుంది. భాష తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడం. అయితే పాఠం అక్షరాల రూపంలో ఉండాలి, పేజీ ఫొటోలతో ఈ పని జరగదు.

ఇంకొక మాట. ఒక కంపెనీ దుకాణంలో కొన్న పుస్తకం మరో కంపెనీ రీడర్‌లో తెరుచుకోకపోవచ్చు. అందువల్ల మీరు చదవదలచిన పది పుస్తకాల పేర్లు ముందుగా కాగితం మీద రాసుకోండి. అవి ఏ లిపిలో, ఏ రూపంలో, ఎక్కడ దొరుకుతాయో చూడండి. వాటిలో రెండు మూడింటిని చేతిలో ఉన్న ఫోనులోనే కొన్నాళ్లు చదవండి. చదివే అలవాటు నిలిచిందనిపిస్తే, ఆ పదింటిలో ఎక్కువ పుస్తకాలను చక్కగా చూపే రీడర్‌నే కొనండి. ఇంట్లో వినిపించే భాష తెర మీద కూడా కనిపిస్తేనే ఆ డబ్బుకు సార్థకత.