ప్రోత్సాహకాలు, ఆరోగ్యసదుపాయాలు, ఉద్యోగి నిమగ్నత: ఉద్దానం శ్రామికరంగం నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: నిమగ్నత, ప్రోత్సాహకం, పీసురేటు, ఉద్దానం, జీడిపరిశ్రమ, మూలపేట

1. ఉపోద్ఘాతం

ఉద్యోగిని పనిలో నిలుపుకొనే మార్గాలను మానవవనరుల నిర్వహణశాస్త్రం సాధారణంగా రెండు పద్దుల కింద చూపుతుంది. మొదటిది పనితీరును బట్టి ఇచ్చే ప్రోత్సాహకం. రెండవది ఆరోగ్య, సంక్షేమ సదుపాయం. బహుమతి కూపన్లు, వ్యాయామశాల సభ్యత్వం, యోగా తరగతులు, ఏడాదికొకసారి ఆరోగ్యపరీక్ష వంటివి పాఠ్యగ్రంథాలలో తరచుగా కనిపించే ఉదాహరణలు. ఇవి నగరాలలోని కార్యాలయ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపిక్కలు కోసే మహిళకు, సంతబొమ్మాళి మండలం మూలపేట ఓడరేవు నిర్మాణంలో పనిచేసే కార్మికునికి ఇవి ఎంతవరకు వర్తిస్తాయన్నది ఇక్కడి ప్రశ్న. ఈ రెండు పద్దులు ఎల్లప్పుడూ పరస్పరం తోడ్పడవనీ, పనిపరిమాణంపై ఇచ్చే ప్రోత్సాహకమే కొన్ని సందర్భాలలో ఆరోగ్యాన్ని హరిస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. నిమగ్నత: సిద్ధాంత నేపథ్యం

‘నిమగ్నత’ భావనను శాస్త్రచర్చలో ప్రవేశపెట్టిన విలియం కాన్ 1990లో ప్రచురించిన పత్రంలో మూడు మానసిక స్థితులను గుర్తించాడు. పనికి అర్థం ఉందనిపించడం, భయం లేకుండా తనను తాను వ్యక్తం చేసుకోగలగడం, పనికి వెచ్చించడానికి తగిన శక్తి తనలో ఉందనిపించడం. మూడవ స్థితిలో శారీరకశక్తిని కూడా ఆయన చేర్చాడు. తరువాతి పరిశోధనలో మొదటి రెండింటికి దక్కిన ప్రాధాన్యం దీనికి దక్కలేదు. కాన్ పరిశీలించినవి ఒక వేసవి శిబిరం, ఒక వాస్తుశిల్ప సంస్థ. శరీరం అలసటతో మొరాయించే పని ఆ రెండు చోట్లా ప్రధానం కాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో సహచరులతో కలిసి వెలువరించిన ద్విఅంశ సిద్ధాంతానికి కూడా ఆధారం ఇంజనీర్లు, గణకులతో జరిపిన ముఖాముఖీలే. పని పరిస్థితులు బాగుంటే అసంతృప్తి తొలగుతుందే గాని ప్రేరణ కలగదన్న ఆయన నిర్ధారణను కర్మాగారానికి యథాతథంగా అన్వయించడం తొందరపాటు. దాహం తీరని చోట ప్రేరణ గురించి మాట్లాడడం నాకు అసంగతంగా తోస్తుంది.

ఆరోగ్య కార్యక్రమాల ఫలితాలపై కూడా అతివిశ్వాసం తగదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు 5,000 మంది ఉద్యోగులను యాదృచ్ఛికంగా విభజించి జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. కార్యక్రమంలో చేరినవారు అంతకుముందే వైద్యానికి తక్కువ ఖర్చు చేస్తున్నవారని అది తేల్చింది. కార్యక్రమం వల్ల వైద్యవ్యయంలో గాని, ఆరోగ్యపు అలవాట్లలో గాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదు.

3. పలాస జీడిపరిశ్రమ: కూలిలోనే ప్రోత్సాహకం

పలాస-కాశీబుగ్గ పరిసరాలలోని కర్మాగారాలలో పిక్కలను ఎండబెట్టి, వేయించి లేదా ఆవిరిపై ఉడికించి, పెంకు కోసి, పప్పును ఆరబెట్టి, పొట్టు తీసి, పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. కోత, పొట్టుతీత, వేరుచేత పనుల్లో అధికసంఖ్యాకులు మహిళలు. పెంకులోని నూనె చర్మాన్ని కాల్చే స్వభావం కలది. వేయించే, ఆరబెట్టే చోట్ల వేడి ఎక్కువ.

తూకం మీద కూలి కట్టే పద్ధతిలో ప్రోత్సాహకం వేరుగా ఉండదు, కూలిలోనే ఇమిడి ఉంటుంది. నీళ్ళకోసం లేచిన ప్రతిసారీ, మరుగుదొడ్డికి వెళ్ళిన ప్రతిసారీ కొంత తూకం తగ్గుతుంది. ఈ లెక్క కార్మికురాలికి ఎవరూ నేర్పనక్కరలేదు. మరుగుదొడ్డి దూరమైనా, అపరిశుభ్రంగా ఉన్నా నీళ్ళు తాగడమే తగ్గించుకొనే పరిస్థితి వస్తుంది. దీనిపై యాజమాన్యం అత్యధిక తూకానికి నెలవారీ బహుమతి ప్రకటిస్తే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ప్రోత్సాహకాలన్నీ ఒకే విధమైనవి కావన్న సంగతి కూడా గుర్తించాలి. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 విరగని గుండ్లు. గుండుకు బద్ద కంటే ఎక్కువ ధర పలుకుతుంది. అందువల్ల విరగని పప్పుకు ఇచ్చే అదనపు కూలి చేతి నేర్పుకు విలువ కడుతుంది, తూకపు బహుమతి వేగానికి కడుతుంది. మొదటిది కాన్ చెప్పిన ‘అర్థం’కు దగ్గరగా ఉంటుంది.

4. ఉద్దానం నేపథ్యం

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి తీవ్రత అందరికీ తెలిసిందే. కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. నీరు, నేల, పురుగుమందులు, నొప్పిమాత్రలు, ఎండలో శ్రమ వల్ల కలిగే నిర్జలీకరణం వంటివన్నీ చర్చలో ఉన్నాయి. 2023 డిసెంబరు 14న హిరమండలం జలాశయం నుంచి నీరందించే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధనకేంద్రం ప్రారంభమయ్యాయి. ఇవి ఊరికి, ఇంటికి చేరే చర్యలు. పనిగంటలలో శరీరం ఏ స్థితిలో ఉంటుందన్నది వీటి పరిధిలోకి రాదు. ఒళ్ళునొప్పులకు తరచుగా నొప్పిమాత్రలు వాడడం మూత్రపిండాలకు హానికరం. కనుక ఇక్కడి కర్మాగారపు ప్రథమచికిత్స పెట్టెలో ఏమి ఉంచాలన్నది కూడా ఆరోగ్యసదుపాయపు ప్రశ్నే.

కారణం తేలేవరకు వేచి ఉండనక్కరలేదని మధ్య అమెరికా అనుభవం సూచిస్తుంది. అక్కడి చెరకు కోతకార్మికులలోనూ కారణం స్పష్టంగా తేలని మూత్రపిండవ్యాధి వ్యాపించింది. ఎల్ సాల్వడార్‌లో 2014-15 కోతకాలంలో నీరు, నీడ, విరామం కల్పిస్తూ ప్రయోగం చేశారు. ఉత్పత్తి పడిపోలేదు, పెరిగింది. అయితే మెరుగైన కోతకత్తిని కూడా అప్పుడే ఇచ్చినందున ఆ పెరుగుదలను విరామానికి మాత్రమే ఆపాదించలేము. నికరాగువాలోని ఒక చక్కెర కర్మాగారంలో విరామాలను పెంచి, నీడను మెరుగుపరచిన తరువాతి కోతకాలంలో కోతగాళ్ళలో మూత్రపిండాల గాయం గణనీయంగా తగ్గినట్టు 2020లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. చెరకుతోట, జీడికర్మాగారం ఒకటి కావు. అయినా తూకం మీద కూలి, వేడి అనే రెండు అంశాలు ఉభయత్రా సమానం.

5. హక్కు, కానుక

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రతి కర్మాగారంలో తాగునీటిని తప్పనిసరి చేసింది. కాని వేసవిలో చల్లని నీరు, క్యాంటీను 250 మందికి మించినచోటనే, శిశుసంరక్షణ గది 30 మందికి మించి మహిళలున్నచోటనే ఆ చట్టం కింద తప్పనిసరిగా ఉండేవి. 1965 నాటి బోనస్ చట్టం ఏడాదిలో 30 పనిదినాలు పూర్తిచేసిన అర్హులైన ఉద్యోగికి కనీసం 8.33 శాతం బోనస్ నిర్దేశించింది. అయితే అది సాధారణంగా 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకే వర్తించింది. ఈ చట్టాలను 2019, 2020 నాటి కార్మిక స్మృతులలో విలీనం చేశారు. చిన్న పరిశ్రమలకు ఇటువంటి సంఖ్యాపరిమితులే కీలకం. పరిమితికి లోపల ఉన్నచోట యజమాని ఇచ్చేది నిజంగా కానుకే. పరిమితి దాటినచోట చట్టం ఇచ్చినదాన్నే పండుగ బహుమతిగా చూపడం మాత్రం నిమగ్నత కాదు. కార్మికురాలికి ఈ తేడా తెలియదనుకోవడం పొరపాటు. తన హక్కునే తనకు కానుకగా ఇస్తున్నారని గ్రహించినవారిలో కాన్ చెప్పిన రెండవ స్థితి, అంటే నిర్భయత, నిలవదు.

6. మూలపేట ముందున్న ప్రశ్న

భావనపాడు పేరుతో మొదలై మూలపేటగా మారిన ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి నిర్మాణాలలో శ్రామికులు ఎక్కువగా కాంట్రాక్టర్ల కింద ఉంటారు. తాగునీరు, విశ్రాంతిగది వంటి సదుపాయాలను కాంట్రాక్టరు కల్పించకపోతే ప్రధాన యజమానే కల్పించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నిర్దేశించింది. ప్రధాన యజమాని బాధ్యత కొత్త స్మృతిలోనూ ఉంది. అయినా కాంట్రాక్టరుకు చెల్లింపు పని పరిమాణాన్ని బట్టి జరిగినంతకాలం విరామానికి అయ్యే ఖర్చు అతనిదే, చివరికి కార్మికునిదే అవుతుంది. విరామ సమయానికి కూలి కట్టి, ఆ ఖర్చును టెండరు అంచనాలోనే ప్రత్యేక పద్దుగా చూపితే ఈ చిక్కు చాలావరకు వీడుతుంది. రోజువారీ హాజరుపట్టీలో పనిగంటల పక్కన విరామాల గడి ఒకటి చేర్చడం అందుకు తొలిమెట్టు. ఆ గడిని ఎవరు నింపాలన్నది, మేస్త్రీయా, కార్మికుల ప్రతినిధియా, క్షేత్రపరిశోధన తేల్చవలసిన విషయం.