యురేనియం 238.03.. ఆ పాయింట్ల లెక్క ఎక్కడిది? హైదరాబాద్‌లో తయారయ్యే అణు ఇంధనంతో లింకేంటి?

పీరియాడిక్ టేబుల్‌లో క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి 35.45. యురేనియంది 238.03. న్యూట్రాన్లు సగం, పావు ఉండవు కదా.. మరి ఈ పాయింట్లేంటి? ఇంటర్ స్టూడెంట్స్‌ని, ఎంట్రన్స్‌లు రాసేవాళ్లని తరచూ తికమక పెట్టే ప్రశ్న ఇది. ఈజీగా రావాల్సిన మార్కు పోయేది కూడా ఇక్కడే.

అసలు విషయం ఏంటంటే.. ఒకే మూలకంలోని పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. ప్రోటాన్లు సమానమే, న్యూట్రాన్ల సంఖ్యలోనే తేడా. వీటినే ఐసోటోపులు అంటారు. టేబుల్‌లో కనిపించేది వాటి సగటు. కానీ రెండూ కలిపి సగం చేస్తే వచ్చే సగటు కాదు!

నానక్‌రామ్‌గూడలో ఓ పీజీ హాస్టల్ ఉందనుకుందాం. మొత్తం 100 మంది. షేరింగ్‌లో ఉన్న 75 మంది నెలకు 8 వేలు, సింగిల్ రూమ్‌లో ఉన్న 25 మంది 16 వేలు కడుతున్నారు. సగటు 12 వేలా? కాదు. ఓనర్‌కి వచ్చేది 10 లక్షలు, అంటే మనిషికి 10 వేలు. ఎక్కువ మంది ఎటుంటే సగటు అటే మొగ్గుతుంది. క్లోరిన్‌లోనూ దాదాపు ఇదే వాటా. సుమారు 76 శాతం క్లోరిన్-35, మిగతా 24 శాతం క్లోరిన్-37. అందుకే 36 రాదు, 35.45 వస్తుంది.

ఇక యురేనియం. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో దొరికేది ఇదే. హైదరాబాద్‌కి అటు చివర, ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో రియాక్టర్ల ఇంధనంగా మారేదీ ఇదే. సహజ యురేనియంలో 99.28 శాతం దాకా యురేనియం-238. కేవలం 0.72 శాతం యురేనియం-235. (యురేనియం-234 కూడా ఉంది కానీ మరీ స్వల్పం, లెక్కలో వదిలేయొచ్చు.)

238.05 × 0.9928 = 236.34
235.04 × 0.0072 = 1.69
మొత్తం: 238.03

చూశారా.. ఆ 0.72 శాతం సగటును కదిపింది 0.02 మాత్రమే. కానీ నెమ్మదిగా వెళ్లే న్యూట్రాన్ తగిలితే చీలి, వేడి పుట్టించి కరెంటు ఇచ్చేది ముఖ్యంగా ఆ కొంచెమే! ఇంత తక్కువతో రియాక్టర్ నడవాలంటే న్యూట్రాన్లు వృథా కాకూడదు. మామూలు నీరు వాటిని మింగేస్తుంది. అందుకే మన రియాక్టర్లలో ఎక్కువ వాటికి భారజలం వాడతారు. అది తయారయ్యే ప్లాంట్లలో ఒకటి మన మణుగూరు దగ్గరే ఉంది.

మామూలు నీటితో నడిచే రియాక్టర్లకైతే యురేనియం-235 వాటాను పెంచాలి. దాన్ని 4 శాతానికి తెస్తే సగటు 237.93కి దిగుతుంది. అంటే టేబుల్‌లోని 238.03 భూమిలో దొరికే యురేనియానికే కరెక్ట్. పరీక్షలో శాతాలు మార్చి ఇస్తే ఆ నంబర్ రాయొద్దు.. ఇచ్చిన శాతాలతోనే మళ్లీ లెక్క వేయాలి.