రాత్రి తినని చక్కెర

"సూది వేసుకుంటూనే ఉన్నాను కదరా, రాత్రి చపాతీ కూడా మానేశాను. అయినా పొద్దున్నే షుగర్ ఎందుకు ఎక్కువుంటోంది?" అని ఇండియా నుంచి నాన్నగారు ఫోనులో అడిగారు. సమాధానం వెతుక్కుంటూ వెళ్తే అది మా ఇర్వింగ్ పక్కనే, డాలస్‌లో హారీ హైన్స్ బులవార్డ్ మీదున్న యూటీ సౌత్‌వెస్టర్న్‌లో దొరికింది. అక్కడ రోజర్ అంగర్ అనే వైద్యుడు రక్తంలో గ్లూకగాన్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టి 1959లో ప్రచురించారు. 2020లో పోయేదాకా ఆయన ధ్యాసంతా ఆ హార్మోను మీదే.

తినని చక్కెర కాలేయం నుంచి వస్తుంది. వదలమని దానికి చెప్పేది గ్లూకగాన్. క్లోమంలో బీటా కణాలు ఇన్సులిన్‌ని, వాటి పక్కనే కాపరముండే ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌నీ తయారు చేస్తాయి. కిటుకంతా ఈ ఇరుగుపొరుగులోనే ఉందంటారు అంగర్. ఆరోగ్యవంతుల్లో చిక్కటి ఇన్సులిన్ ముందుగా పక్కనున్న ఆల్ఫా కణానికి తగిలి దాని నోరు మూయిస్తుంది. పొట్ట మీద పొడుచుకున్నదేమో ఒళ్ళంతా తిరిగి, పలచబడి అక్కడికి చేరుతుంది. మన భాషలో, లోకల్ కాల్ తీసేసి ఊరంతటికీ బ్రాడ్‌కాస్ట్ చేసినట్టు! టైప్ 2లోనైతే ఇన్సులిన్ ఉన్నా ఆల్ఫా కణం సరిగా వినదు.

పోనీ మోతాదు పెంచితే? 1993లో వెలువడిన డీసీసీటీ పరిశోధనలో 1,441 మంది టైప్ 1 రోగులున్నారు. చక్కెరని గట్టిగా అదుపు చేస్తే, అప్పటికి కళ్ళు బాగున్నవాళ్ళలో కంటిజబ్బు వచ్చే అవకాశం 76 శాతం తగ్గింది. కాని ప్రమాదకరమైన 'లో షుగర్' దాదాపు మూడు రెట్లయింది, బరువూ పెరిగింది. టైప్ 2 మీద జరిగిన అకార్డ్ పరిశోధనలో గట్టి చికిత్స పొందినవాళ్ళలో చావులు ఎక్కువయ్యాయని 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ చావులకి ఇన్సులినే కారణమని మాత్రం తేలలేదు.

2011లో అంగర్ బృందం గ్లూకగాన్ సందేశం అందని ఎలుకల్లో బీటా కణాలని నాశనం చేసింది. వాటికి మధుమేహం రాలేదు! అయితే ఇన్సులిన్ అక్కర్లేదన్నమాట అని ఎగిరి గంతెయ్యకండి. కొన్ని బీటా కణాలైనా మిగిలుంటేనే ఈ ఉపాయం పారుతుందని 2016లో జెనీవా వాళ్ళు చూపించారు. గ్లూకగాన్‌ని అడ్డుకునే మందులు మనుషుల్లో చక్కెర తగ్గించాయి గాని, కాలేయానికి ఇబ్బంది తెచ్చాయి.

ఇదంతా చెబితే నాన్నగారు, "అయితే కాలేయానికి వేరే సూది లేదా?" అన్నారు. సూది లేదు, మాత్ర ఉంది: మెట్‌ఫార్మిన్. కాలేయం వదిలే చక్కెరని తగ్గించడమే దాని ముఖ్యమైన పని.

అవతల కాసేపు మాట లేదు. సూది మొదలైంది కదా, ఇంక మాత్ర ఎందుకని ఎవరికీ చెప్పకుండా మానేశారట. మర్నాడు డాక్టరు దగ్గరికి పంపించాను. కిడ్నీ పరీక్ష చేయించి, మళ్ళీ రాసిచ్చారు.